ఏడో ప్రశ్న

పేరు బిళ్ళలను బల్ల మీద వరుసగా పేర్చేసి, జహాంగీర్ సంచుల్లో కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఉదయం ఆరున్నర. దోహాలో గ్యాస్ డబ్బు పొంగుతున్న కాలంలో లేచిన హోటల్ అది. ఆ పెద్ద హాల్లో ఏసీ చలి అప్పుడే ఎముకలు పట్టేసింది. జహాంగీర్‌కు యాభై రెండేళ్ళు. గడ్డానికి గోరింటాకు ఎరుపు, మోకాలికి పట్టీ, ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్నులు. జగిత్యాల నుంచి వచ్చి ఇరవై మూడేళ్ళయింది. చివరి ఆరేళ్ళూ అబూ హమూర్‌లో ఈ వైద్యుల సొసైటీ ఆఫీసులోనే గడిచాయి. మనసులో బాధ ఒంట్లో నొప్పిగా ఎలా బయటపడుతుందో పరిశోధించి వైద్యం చేసే డాక్టర్లు వాళ్ళు. కాఫీ కలపడం, ఫైళ్ళు మోయడం, శుక్రవారాలు లేబర్ క్యాంపుల్లో కూలీల మాటను ఫారాల మీదికి ఎక్కించడం అతని డ్యూటీ. ఇవాళ సొసైటీ వార్షిక సభ.

హాలు చివర లస్మయ్య కుర్చీలకు తెల్లగుడ్డ తొడుగులు వేస్తున్నాడు. హోటల్‌కు మనుషుల్ని పంపే కంపెనీలో కూలీ. నలభై ఆరేళ్ళు, బక్కపలచని ఒళ్ళు, పెద్ద పెద్ద మణికట్లు. తొడుగు పైనుంచి దించి, కింది అంచు కాళ్ళకు లాగి, వెనక నాడా ముడివేయాలి. ఆరు కుర్చీలకోసారి ఆగి ఎడమ చెయ్యి పిసుక్కుంటున్నాడు. మొన్న సొసైటీ విందప్పుడు పన్నెండు కుర్చీలకోసారి ఆగేవాడు. జహాంగీర్ ఆ తేడా పట్టేశాడు. పట్టేసినందుకు తన మీద తనకే మండింది.

"జాంగీర్ భాయ్, నా పేరుతోని బిల్ల లేదా?"

"నీకెందుకురా బిల్ల? పదకొండు గంటలకు తెర మీద నీ కథే చెప్తది మేడం."

"నా మొకం గిట్ట చూపెడ్తరా? గడ్డం గీసుకోనైతి గదనే."

"మొకం లేదు, పేరు లేదు. ఎల్ అని రాసిండ్రు."

"గింత నొప్పికి ఒక్క అచ్చరమేనా!" లస్మయ్య నవ్వాడు. నవ్వు మధ్యలో దవడ పట్టుకున్నాడు. "రాత్రి సంది గీడికి గూడ గుంజుతంది."

"దవాఖానకు పో అని రంజాన్ నుంచి మొత్తుకుంటున్న. చెవులున్నయా నీకు?"

"రెన్యువల్ మీద సంతకం కానీ భాయ్. ఇంక పద్దెన్మిది దినాలే ఉంది. అన్‌ఫిట్ అంటే ఖలాస్. పిల్లగాని ఐటీఐ నడుమల ఆగుతది. గంగామణి ఏమంటదో ఎర్కనా? దుబాయ్‌ల దవాఖానలు మంచిగుంటయట, సూపెట్టుకో అంటది."

"ఇది దుబాయ్ కాదని చెప్పలేదా నీ పెండ్లానికి?"

"పద్నాలుగేండ్ల సంది చెప్తనే ఉన్న."

సొసైటీ ఫారంలో ఇరవై ప్రశ్నలుంటాయి. కథంతా ఏడోదాని దగ్గరే. గుండె, రక్తం, పొట్ట డాక్టరు చూసి ఏ జబ్బూ లేదని తేల్చాడా? అవునంటేనే నొప్పి మనసుదని సొసైటీ పని మొదలవుతుంది. కాదంటే చీటీ కంపెనీ క్లినిక్‌కు పోతుంది, క్లినిక్ నుంచి కంపెనీకి, అక్కడి నుంచి మనిషే ఇంటికి. మొదటి నెలలో ఇద్దరు అలా విమానమెక్కారు. క్యాంపంతా తెలిసింది. రెండో నెల నుంచి వరుసలో నిలబడ్డ ప్రతివాడూ జహాంగీర్ చెవిలో చెప్పింది ఒకే మాట: ఏడుకు అవునని పెట్టు భాయ్.

పెట్టాడు. అరవై ఒక్క మందికి. ఒక్క టిక్కుకు ఒక్క కొలువు నిలబడుతోంది, మంచి బేరమే అనుకున్నాడు. అవతలివాడు తక్కెడలో ఏం పెడుతున్నాడో చూసుకోలేదు. లస్మయ్య పెట్టింది గుండె.

ఆ ఫారాలు చూసి డాక్టర్ లలితకుమారి మురిసిపోయింది. సొసైటీ కార్యదర్శి ఆమె, విజయవాడ మనిషి. ఒంట్లో ఏ రోగమూ లేని ఛాతీ నొప్పులు ఇన్ని ఒక్కచోట ఎవరికి దొరుకుతాయంది. తల్లి ఎల్లవ్వ చచ్చిపోతే లస్మయ్యకు సెలవివ్వలేదని విని, నొప్పికి మూలం దొరికిందంది. తల్లి కోసం ఏడవడమూ నిజమే, చెయ్యి లాగడమూ నిజమే. ఆమె మొదటిదే రాసుకుంది.

పదకొండు కావస్తుండగా జహాంగీర్ వేదిక వెనక్కి వెళ్ళాడు. ఆమె ప్రసంగం కాగితాలు తిరగేస్తోంది.

"మేడం, లస్మయ్యను ఇప్పుడే పెద్దాసుపత్రికి తీస్కపోవాలె. మీరు ఫోన్ జేస్తే కంపెనీకి తెల్వకుంట చూస్తరు."

"లస్మయ్య ఎవరు?"

"మీ ఎల్."

"అతని గుండె బాగానే ఉందిగా. ఏడో ప్రశ్నకి..."

"ఎవ్వలు చూడలే. ఆ టిక్కు నేను పెట్టిన. అందరికీ నేనే పెట్టిన."

ఆమె కళ్ళద్దాలు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. "ఎంత పని చేశావు జహాంగీర్! ఇప్పుడా చెప్పేది?"

"పరీక్ష చీటీ ఏదని మీరు ఒక్కదినమన్న అడిగిన్రా మేడం?"

మైకులో ఆమె పేరు పిలిచారు. "ఇరవై నిమిషాలు. దిగగానే నా కారులోనే తీసుకెళ్తాను. అతన్ని కూర్చోబెట్టు," అంటూ మెట్లెక్కింది.

జహాంగీర్ లస్మయ్యను చివరి వరసలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. పక్క కుర్చీలో అనువాదం వినే హెడ్‌ఫోన్ ఒకటి ఉంది. లస్మయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిండ్ల తెలుగు వస్తదా?"

"అరబ్బీ. లేకుంటే ఇంగ్లీషు."

"పెట్టు భాయ్. ఏ భాషల చెప్పినా నా ముచ్చటే గద."

జహాంగీర్ దాన్ని అతని చెవులకు పెట్టి తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తెర మీద ఎల్ అనే అక్షరం వెలిగింది. దాని పక్కన అరవై ఒకటి అనే అంకె కూడా. అంతా విన్నాక కూడా ఒక్క ముక్క తీసేయకుండా చెబుతోంది! జహాంగీర్ పళ్ళు పటపట కొరికాడు. జేబులో ఫోనుంది. మూడు తొమ్మిదులు నొక్కితే అంబులెన్స్ వస్తుంది. ఎవరు పిలిచారంటారు, ఎందుకంటారు, ఏడో ప్రశ్న బయటికొస్తుంది. తన వీసా సొసైటీ చేతిలో. నోరు విప్పితే పోయేదెంత, మూసుకుంటే మిగిలేదెంత? ఇరవై మూడేళ్ళుగా రోజూ వేసుకున్న లెక్కనే మళ్ళీ వేసుకుంటూ నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు దాటాయి. ఎవరో లేచి ప్రశ్న అడిగారు. ఆమె ఓపిగ్గా జవాబు చెప్పింది. ఇంకొకరు లేచారు. నలభయ్యో నిమిషాన అతను ఫోన్ తీసి, లోగొంతుకతో చిరునామా చెప్పి, చివరి వరసకు నడిచాడు.

లస్మయ్య గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. చేతులు మోకాళ్ళ మీద బుద్ధిగా ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా తగిలాయి. ముందు వరసలో ఎవరూ వెనక్కి తిరగలేదు. హాలంతా చప్పట్లు కొడుతోంది.

ఎవరో కేకేశారు. లలితకుమారి వేదిక దిగి పరుగెత్తుకొచ్చింది. అతన్ని నేల మీద పడుకోబెట్టి, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ కింద నలుగుతుంటే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూనే ఉంది. ఆమె చెమట అతని చొక్కా మీద పడింది. వచ్చినవాళ్ళు నాడి చూసి, ఆమె చేతుల్ని మెల్లగా పక్కకు తీశారు.

అతన్ని తీసుకెళ్ళాక లస్మయ్య కంపెనీ మేనేజర్ సుధాకరరావు వచ్చాడు. "పోయిన నెల క్యాంపులో మీ డాక్టర్లే చూసి గుండెలో ఏమీ లేదన్నారటగా మేడం. ఆ ముక్క రాసివ్వండి చాలు. మాకూ గొడవుండదు, మీకూ గొడవుండదు."

లలితకుమారి నేల చూసింది.

"నేను రాస్త సార్," అన్నాడు జహాంగీర్. జేబులో పెన్ను తీసి, నిలబడే, గోడకానించి తెలుగులో రాశాడు. లస్మయ్య గుండెను ఎవ్వరూ చూడలేదు. చూసినట్టు అబద్ధం టిక్కు పెట్టింది నేను, మహమ్మద్ జహాంగీర్. చీటీ అడగనిది ఈ సొసైటీ. టిక్కు పెట్టించిన భయం ఈ కంపెనీది.

చదివి సుధాకరరావు ముఖం గంటు పెట్టుకున్నాడు. "నీ వీసా ఏమవుతుందో తెలుసా?"

"తెల్సు. ఇరవై మూడేండ్ల సంది గదొక్కటే తెల్సు. గది తెల్సుకునే ఆయన్ను సంపిన," జహాంగీర్ గొంతు హాలంతా వినబడింది. "ఇగ ఇంకోటి గూడ తెల్సుకుంట. మిగిలినోళ్ళు అరవై మంది. అందరి పేర్లు నా తాన ఉన్నయ్. పెద్దాసుపత్రికి నేనే ఇస్త. ఆపుతరా? ఆపుండ్రి!"

ఎవరూ ఆపలేదు. అతను తలుపు తోసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

టీ విరామం ముగిసిందని గంట మోగింది. డాక్టర్లు ఒక్కొక్కరే లోపలికొచ్చి కూర్చున్నారు. వేదిక మీద తర్వాతి వక్త గొంతు సవరించుకున్నాడు. చివరి వరసలో, ఖాళీ కుర్చీ కింద తివాచీ మీద పడి ఉన్న హెడ్‌ఫోన్‌లో ఎవరో అరబ్బీలో సన్నగా మాట్లాడటం మొదలుపెట్టారు.