జానెడు ఎత్తున ఆగిన శఠగోపం

నేను ఒక శఠగోపాన్ని. చిన్న కిరీటంలా ఉంటాను, నెత్తిన దేవుడి పాదాలు. దర్శనం అయ్యాక అర్చకుడు మీ తల మీద ఆనించేది నన్నే.

నన్ను పోత పోయించినవాడు మందపాడు జమీందారు. దేవుడి మీద ప్రేమతో అనుకోకండి. పక్క జమీందారుకు ఉంది, తనకు లేదు, అంతే. ఏ దేశం చూసినా ఇదే వరస. గద్దె ఎక్కినవాడికి ఎవరో ఒక మతగురువు చెయ్యి తల మీద పడాలి. ఒకచోట నూనె రాస్తారు, ఒకచోట కిరీటం పెడతారు, మా ఊళ్లో నన్ను పెడతారు. నేను తాకాక ఆ తలలో ఏం మారుతుందా అని నాకు మొదటినుంచీ కుతూహలం. జమీందారు శిస్తు తగ్గించలేదు. తెల్లదొర టోపీ తియ్యకుండానే పెట్టించుకున్నాడు. మొన్నటికి మొన్న ఒక మంత్రి, ఫోటో సరిగా పడలేదని రెండోసారి పెట్టించుకున్నాడు.

ఊరవతల దళితుల పేటవాళ్లకు మాత్రం నేను జానెడు ఎత్తునే ఆగేదాన్ని. తగలకూడదు, ఆచారం. ఆ ఆచారం ఎవరు పెట్టారో ఏ అర్చకుడూ చెప్పగా నేను వినలేదు.

ఆ పేట నుంచే గుర్రం నాంచారమ్మ సర్పంచి అయింది. స్వామి కల్యాణం రోజు మొదటి మర్యాద సర్పంచిది. ఆమె తల వంచింది. అర్చకుడు పరాంకుశాచార్యులు నన్ను ఎత్తి, అలవాటు చొప్పున జానెడు పైనే ఆపాడు. ఆమె అలాగే తల ఎత్తి వెళ్లిపోతే ఇక పేట ఎప్పటికీ ఆ జానెడు కిందే.

ఆమె తల ఎత్తలేదు. "ఇంకా తగల్లేదండీ ఆచార్లుగారూ."

"తగిలినట్టేనమ్మా. భావం ముఖ్యం."

"మొన్న మంత్రిగారికి భావం చాల్లేదేమో, రెండుసార్లు పెట్టారు."

వరసలో నవ్వులు. వెనకాల ఒక ముసలి రైతు విసుక్కున్నాడు. "పెట్టెయ్యండి స్వామీ, కాళ్లు పీకుతున్నాయి."

ఆచార్యులు వంగి గొంతు తగ్గించాడు. "నీకు పెడితే రేపు మీవాళ్లందరికీ పెట్టాలమ్మా."

"అందుకేగా వచ్చింది."

ఆయన గుడి కమిటీ పెద్దల వైపు చూశాడు. వాళ్లు మైకు సెట్టు వైపు చూశారు. రేపు ఓట్లు అడగాల్సింది ఆ పేటలోనే మరి.

నేను దిగాను. కొబ్బరినూనె, చెమట, వెచ్చటి నెత్తి. జమీందారుదీ ఇంతే వెచ్చన.

నాంచారమ్మ తీర్థం పుచ్చుకుని వెళ్లిపోలేదు. పక్కకు జరిగి నిలబడింది, పేట నుంచి వచ్చిన చివరి తల మీద నేను ఆనేదాకా.

ఇప్పటికీ నన్ను చేతిలోకి తీసుకోగానే ఆచార్యుల కళ్లు ఆమె ఎక్కడుందో వెతుకుతాయి. దేవుడి వైపు చూసేది ఆ తర్వాతే.