బౌక్యే సూపు దొరికే చెరువు

నెదర్లాండ్స్‌లోని మా ఫ్రీస్లాండ్‌లో చెరువు గడ్డకట్టిందంటే మగవాళ్లకు మతి నిలవదు. అయిదేళ్ల తర్వాత మళ్లీ ఈ చలికాలమే మంచు పట్టింది. మా ఆయన వీబ్రెన్ పొద్దున్నే స్కేట్లకు పదును పెట్టుకుని, ఫోన్ పట్టుకుని వంటింట్లో కూర్చున్నాడు. మా పాప హిస్కా చెరువు మీద స్కేటింగ్ చేయబోవడం ఇదే మొదటిసారి. టోపీ, గ్లవుజులు తొడుక్కుని గుమ్మం వదలడం లేదు.

"ఫోన్‌లో మంచు సంగతి రాసే మూడు సైట్లు చూశాను. అవతలి గట్టు దాకా వెళ్లొచ్చట."

"మూడు సైట్ల వాళ్లూ వచ్చి గొడ్డలితో కొట్టి చూశారా?"

"నీకన్నీ అనుమానాలే. డబ్బా మీద ఉప్పని రాసున్నా నాలిక మీద వేసుకుని చూస్తావు."

"అందులో ఒకసారి పంచదార పోసింది నువ్వే. ఏదీ, పైకి చదువు."

చదివాడు. "'మంచు గట్టిగా ఉంది. వంతెన కింద మాత్రం జాగ్రత్త. ఒడ్డున బౌక్యే బఠాణీ సూపు వేడివేడిగా దొరుకుతుంది.'"

రొట్టెకు వెన్న రాస్తున్న నా చెయ్యి ఆగింది. "రెండోదాంట్లో?"

"అదే."

"మూడోదాంట్లో?"

"అదీ..." అంటూ తలెత్తాడు.

"రెండేళ్ల కిందట ఆ సూపమ్మే బౌక్యే శవపేటిక మోసినవాళ్లలో నువ్వూ ఉన్నావు కదా వీబ్రెన్. ఇంటికొచ్చి నడుం పట్టేసిందన్నావు."

ఫోన్ మళ్లీ మొదటినుంచీ జరిపి చూశాడు. "అయిదేళ్ల కిందటి రాత ఎవరో తీసి పెట్టారంటావా?"

"ఒకరు పెట్టుంటారు. మిగతావాళ్లు చూసి రాసుంటారు."

"అయితే వెళ్లమా నాన్నా?" హిస్కా గుమ్మంలోంచే అడిగింది.

"వెళ్దాం తల్లీ. ముందు కొట్టి చూద్దాం" అని గొడ్డలి అందుకున్నాడు.

చెరువు దగ్గర అప్పటికే సగం వీధి చేరింది. చెక్క మెట్ల మీద కూర్చుని స్కేట్ల లేసులు కట్టుకుంటున్నారు. వీబ్రెన్ బోర్లా పడుకుని, చెయ్యి చాచి ఒక్క దెబ్బ వేశాడు. నల్లటి నీళ్లు చిమ్మాయి.

"ఒడ్డున అలాగే ఉంటుందిలే, లోపల గట్టిదే!" అన్నాడు పక్కింటి డౌవె. "మూడు చోట్ల రాశారు, నువ్వొక్కడివే పండితుడివా?"

"కింద సూపు గురించి రాసింది కూడా చదవరా" అన్నాడు వీబ్రెన్.

డౌవె గట్టిగా చదివాడు. బౌక్యే పేరు దగ్గర గొంతు తగ్గిపోయింది. ఒక్కొక్కరే లేసులు విప్పుకున్నారు. కళ్లెదుట నీళ్లు చిమ్మినా నమ్మనివాళ్లు, బౌక్యే పోయిందన్నది మాత్రం కాదనలేకపోయారు. అందరూ ఆమె చేతి సూపు తాగినవాళ్లే మరి.

ఆ సాయంత్రం వీబ్రెన్ ఇంటి వెనక పచ్చికలో గొట్టంతో పలచగా నీళ్లు పట్టాడు. మర్నాటికి అది గాజుపలకలా బిగుసుకుంది. పడినా మోకాలు చెక్కుకోవడమే తప్ప మునిగేది లేదు. హిస్కా కుర్చీ పట్టుకుని తోసుకుంటూ, పడుతూ లేస్తూ తిరుగుతోంది. నేను బఠాణీలు ఉడకేశాను. బౌక్యే రుచి రాలేదు, రాదు.

వీబ్రెన్ ఫోన్ చూపించాడు. ఎవరు రాసి పంపారో, సైట్లలో మార్చేశారు: 'మంచు పలచన. ఎవరూ దిగవద్దు. ఒడ్డున బౌక్యే బఠాణీ సూపు వేడివేడిగా దొరుకుతుంది.'

"ఆ ముక్క కూడా తీసేయమని రాయనా?" అన్నాడు.

గరిటెతో సూపు కలుపుతూ ఆలోచించాను.

"రేపు చూద్దాంలే" అన్నాను.