మధ్యలో ఎగిరిపోయే పాట

ఆ సీడీ ప్లేయర్ పాతదే. కాదని ఎవరన్నారు? మెకానిక్ దాన్ని పాత సామాన్ల అంగట్లో కొని, విప్పి తుడిచి, పుట్టినరోజుకి చెల్లెలికి ఇచ్చాడు. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. పొద్దుటి ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య ఖాళీ బస్సులో కూర్చుని పాటలు వింటుంది. అలాంటి బహుమతిని పట్టుకుని ఆమె మూడోసారి తన రిపేరు షాపుకి వచ్చేసరికి అతనికి ఒళ్లు మండింది.

"మళ్లీ ఎగిరిపోతోంది అన్నయ్యా. పాట మధ్యలో ముక్క మాయం. నీ పనితనం ఏడ్చినట్టే ఉంది," అంది చెల్లెలు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. అసలు చెవి పెట్టి వింటున్నావా?"

అన్నాడే గానీ, ఇది పరువు సమస్య. మొదటిసారి లెన్సుని స్పిరిట్ దూదితో తుడిచాడు. రెండోసారి లెన్సే మార్చాడు. ఈసారి కొత్త బ్యాటరీలు వేసి, గీత ఒక్కటీ లేని డిస్కు పెట్టాడు. అతను వింటే పాట హాయిగా సాగుతుంది. ఆమె వింటే ఎగిరిపోతుంది. ఇదెక్కడి గోల!

ఇలాంటి మొండి కేసులకి అతని దగ్గర ఓ పద్ధతి ఉంది. ఒకే ప్లేయర్‌కి రెండు ఇయర్‌ఫోన్లు తగిలించి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బల్ల మీద వేలితో తాళం వేయాలి. పాట ఎగిరితే ఇద్దరి తాళమూ ఒకేసారి తప్పుతుంది. తప్పు ప్లేయర్‌దేనని తేలిపోతుంది.

కూర్చున్నారు. రెండో చరణంలో చెల్లెలి వేలు గాల్లో ఆగింది. మెకానిక్ చెవిలో పాట ఆగలేదు. తలెత్తి చూశాడు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడటం లేదు.

"అమ్మాయ్," అన్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కాసేపటికి వేలు బల్లని తాకింది. "ఇదిగో, ఎగిరింది! విన్నావా?" అంది చెల్లెలు గెలిచినట్టు.

"ఎగరలేదమ్మా. పాట నడుస్తూనే ఉంది. నీ వేలు ఆగింది. పిలిచినా పలకలేదు."

ఆమె నవ్వబోయి, అన్న మొహం చూసి మానేసింది. "ఎంతసేపు?"

"ఐదు సెకన్లుంటుంది."

పదిహేనేళ్లుగా స్టీరింగు పట్టిన మనిషికి లెక్క వేరే చెప్పాలా? "నలభైలో పోతుంటే యాభై మీటర్లు దాటేస్తాను," అంది మెల్లగా.

"డాక్టరుకి చూపిద్దాం. మందులుంటాయి."

"మందులుంటాయి. లైసెన్సు ఉండదు. నాకింకో పని రాదన్నయ్యా. ఒక్కసారి, ఇంకొక్కసారి పెట్టు. ఇదే పాడైందేమో, నీకు తెలీలేదేమో."

పెట్టాడు. ఆమె అన్న చేతినే చూస్తూ తాళం వేసింది. మూడో పాటలో వేలు మళ్లీ ఆగిపోయింది. ఇక వినే ఓపిక లేక మెకానిక్ ప్లేయర్ కట్టేశాడు.

కాసేపటికి వేలు కదిలింది. ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది. "ఆగిపోయింది! చూశావా, మొత్తం ఆగిపోయింది! ప్లేయరే పాడైందిరా అన్నయ్యా!"

అవునని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అతని నోటిదాకా వచ్చింది కూడా. కానీ నాలుగ్గంటలకి ఆ బస్సులో యాభై మంది పిల్లలెక్కుతారు.

"నేనే ఆపానమ్మా."

"ఎప్పుడు?"

"నువ్వు నా చేతిని చూస్తుండగానే."

చెల్లెలు చాలాసేపు ఆ చేతి వంకే చూసింది. తర్వాత ఫోన్ తీసి స్కూలుకి చేసింది. "సాయంత్రం ట్రిప్పుకి వేరే మనిషిని చూసుకోండి," అంది. అవతలివాళ్లు ఏదో అడిగారు.

"రేపటికి కూడా," అంది.