జాతి: కనకమామిడి

"నా పిల్లికూనను ఎత్తుకెళ్లిన దొంగవి నువ్వే" అని అరుణశ్రీ గేటు దగ్గర అరిచినప్పుడు వాచ్‌మన్ నర్సింహ, గడ్డి కోయడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు విన్నారు.

కనకమామిడి ఊళ్లో ఉండే కరుణమ్మ, అరుణశ్రీ ఫామ్‌హౌస్‌లో ఆరేళ్లుగా పని చేస్తోంది. అరుణశ్రీ పెంచుకునే పర్షియన్ పిల్లి మూడు కూనల్ని పెడితే ఒకటి కనబడకుండా పోయింది. ఆ వారమే కరుణమ్మ ఇంట్లో ఎస్తేరు అనే చారల పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. అందులో ఒకటి తెల్లగా, ఒళ్లంతా బొచ్చుతో ఉంది. నర్సింహ ఫోన్లో దాని ఫోటో అరుణశ్రీ కంటబడింది.

"నాటుపిల్లికి ఈ బొచ్చెక్కడిది, కరుణా?"

"మీ మగపిల్లి ప్రిన్స్ రోజూ గోడ దుంకి మా వాడకే వస్తడు మేడం. వాణ్నే అడుగుండ్రి."

నర్సింహ దగ్గినట్టు నటించి నవ్వు ఆపుకున్నాడు. అరుణశ్రీకి ఒళ్లు మండింది.

"డీఎన్ఏ టెస్ట్ చేయిస్తా. అప్పుడు తెలుస్తుంది."

కరుణమ్మ చీపురు గోడకు ఆనించింది. "చేయించుండ్రి. మీ పిల్లులకే కాదు, మా ఎస్తేరుకు గూడ. రిజల్ట్ వచ్చినంక గీ గేటు కాడనే, అందరి ముంగట చదవాలె. అప్పటిదాంక నేను పనికి రాను."

మొయినాబాద్ నుంచి పశువుల డాక్టర్ సమత వచ్చింది. తల్లి పాలు కలిస్తే పరీక్ష తప్పుతుందని కూనల్ని గంటసేపు వేరే బుట్టలో పెట్టించింది. అవి ఏడుస్తుంటే కరుణమ్మ బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తరువాత డాక్టర్ ఆ నాలుగింటికీ, అరుణశ్రీ పిల్లులకూ చెంప లోపల దూదిపుల్లతో రుద్దింది. ఎస్తేరు వంతు వచ్చేసరికి చెయ్యి గీరించుకుంది.

"తల్లిది ఏం జాతని రాయను?"

"కనకమామిడి" అంది కరుణమ్మ.

డాక్టర్ నవ్వి అలాగే రాసింది.

మూడు వారాలకు కాగితం వచ్చింది. "లోపలికి రా, మాట్లాడుకుందాం" అంది అరుణశ్రీ.

"నన్ను దొంగ అని లోపట అనలేదు గద మేడం."

గేటు దగ్గరే డాక్టర్ చదివింది. నాలుగు కూనలకూ తల్లి ఎస్తేరు, జాతి కనకమామిడి. తండ్రి ప్రిన్స్. పోయిన కూన ఎక్కడుందో మాత్రం ఆ కాగితంలో లేదు.

అరుణశ్రీ కాగితం అందుకుని తనూ చూసింది. "అయితే సగం మావే కదా. ఆ తెల్లదాన్ని నాకివ్వు. బాగా చూసుకుంటా."

"చారలవి మూడున్నయి. వాటికీ తండ్రి ప్రిన్సే. వాటిని అడగరేంది? ఒక్కటి గూడ ఇయ్య."

"సరే... సారీ."

"ఆ దినం మీ గొంతు రోడ్డు దాంక ఇనొచ్చింది. ఇయ్యాల పక్కనున్న నర్సింహకే ఇనొస్తలేదు."

గడ్డి కోసే ఆడవాళ్లు కొడవళ్లు ఆపి చూస్తున్నారు. అరుణశ్రీ ముఖం ఎర్రబడింది. గట్టిగానే అంది. "కరుణ దొంగతనం చెయ్యలేదు."

"కరుణమ్మ" అంది కరుణమ్మ, అక్కడి నుంచి కదలకుండా.