మూడో వరసలో మైనస్

యేసురత్నం మాస్టారు తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు ఇంటికి తెచ్చుకుని దిద్దేవారు. మార్కులు కూడి పైన వేసే పని భార్య సువార్తమ్మది. అమలాపురంలో ఆవిడ చదివిన బి.ఎస్సీ. లెక్కలు ఇప్పుడు ఆ కూడికలకి పనికొస్తున్నాయి.

ఆ వేసవిలో అమ్మాజీ పేపరు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. మొత్తం ముప్పై రెండు. ముప్పై అయిదు రాకపోతే తప్పినట్టే. తప్పితే బడి మాన్పించి కొబ్బరి పీచు పనిలో పెడతానని ఆ పిల్ల తండ్రి అబ్బులు మొన్న ఆదివారమే చర్చి మెట్ల మీద అన్నాడు.

వర్గ సమీకరణ సూత్రాన్ని రుజువు చేయమన్న అయిదు మార్కుల ప్రశ్నకి మాస్టారు ఎర్రగా సున్నా చుట్టారు. సువార్తమ్మ జవాబు చదివింది. అందరూ సమీకరణాన్ని a తో భాగిస్తే, ఈ పిల్ల 4a తో గుణించి, రెండు వైపులా b² కలిపింది. భిన్నాల గొడవ లేకుండా, కడిగిన బియ్యంలా శుభ్రంగా, నాలుగు వరసల్లో సూత్రం తేలింది.

మిగతా పేపర్లు తిరగేసింది. మాస్టారి దగ్గర ట్యూషన్ చదివే ముప్పై మందివీ ఒకటే అచ్చు. మూడో వరసలో c/a ని కుడివైపుకి మార్చి మైనస్ పెట్టడం మరిచారు. ముప్పై మందీ అక్కడే మరిచారు. అయినా చివర సూత్రం సరిగ్గానే దిగింది. అన్నిటికీ అయిదుకి అయిదు. పాచిపోయిన కూర మీద మూత తీసినట్టయింది ఆవిడకి.

“ఇది తప్పాండీ?” అని అమ్మాజీ పేపరు ఆయన ముందు పెట్టింది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూసి, గైడులో ఉన్నట్టు లేదన్నారు. ఆ పిల్ల ట్యూషన్‌కి రాదనీ, రానివాళ్ళకే సొంత తెలివి ఎక్కువనీ అన్నారు.

“మరి వచ్చినవాళ్ళ మైనస్ ఏదండీ? దారిలో పారేసుకున్నది ఇంటికొచ్చేసరికి జేబులో ఉందా?”

ఆయన తన ట్యూషన్ నోట్సు తీసి చూసుకున్నారు. మూడో వరసలో మైనస్ లేదు. మెల్లిగా పుస్తకం మూశారు.

“ఎన్ని తక్కువయ్యేయి దానికి?”

“మూడు.”

సున్నా కొట్టేసి, మూడు వేసి, పేపరు ఆవిడ వైపు తోశారు. “పాసయిపోయింది కదా. ఇంక ఊరుకో సువార్తా.”

“అది అయిదు మార్కుల లెక్కండీ.”

ఆయన అప్పటికే ఇంకో పేపరు అందుకున్నారు.

సువార్తమ్మ పైన ముప్పై అయిదు వేసింది. పిల్ల చదువు ఆగదు. అందుకు సంతోషించాలని చూసింది గానీ, ఎవరో తిని వదిలేసిన విస్తరి ఎత్తినట్టుంది చేతికి. పెరట్లోకి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, మిగిలిన కట్టంతా ఆయన బల్ల మీద పెట్టేసింది.

“ఇవి మీరే కూడుకోండి” అంది.