హెట్టీ ఈర్పెన

ఇలా దగ్గరికి జరగవే పిల్లా, నీ జడ విప్పుతూ చెబుతాను. మా నూలుమిల్లుల ఊరు ఓల్డమ్‌లో పోలీసులు ఇల్లు సోదా చేసినా, ప్లీడరు కాగితం చదివినా "ఈర్పెన పెట్టి దువ్వారు" అంటారు. మామూలు దువ్వెన పళ్ల సందున ఈరు జారిపోతుంది, ఈర్పెనలో జారదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బడి నర్సు హెట్టీ క్లెగ్ గుర్తొస్తుంది.

ఒక బుధవారం ఆవిడ ఎప్పట్లాగే బళ్లో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఒడిలో తెల్లకాగితం పరుచుకుని, కొమ్ము ఈర్పెనతో తలలు చూస్తోంది. బొద్దు మనిషి. ఫినాయిలుకు వేళ్ల కొసలు పగిలిపోయాయి. పేను దొరికితే ఇంటికి ఆకుపచ్చ చీటీ, మర్నాటికి జుట్టు మొదలంటా కత్తిరింపు. ముప్ఫై ఏళ్లలో ఎవరినీ వదల్లేదు.

"తల వంచు. ఊగకే, గుర్రప్పిల్లవా ఏం?"

ఆ గుర్రప్పిల్లను నేనే. తొమ్మిదేళ్లు. ఆ శుక్రవారం విట్ అనే చర్చి పండగ ఊరేగింపులో చర్చి జెండా రిబ్బను పట్టుకుని నడవాలి. దానికి వేసుకునే తెల్లగౌను కోసం మా అమ్మ శీతాకాలమంతా నూలుమిల్లులో అదనపు గంటలు చేసింది.

మూడో దువ్వుకి కాగితం మీద ఏదో కదిలింది. హెట్టీ కాగితం మడిచేసింది.

"టీ వేళకి మా ఇంటికి రా. ఎవరికీ చెప్పకు."

"మరి చీటీ?"

"అయిపోయాయిలే." చీటీల కట్ట ఆవిడ జేబులోంచి కనిపిస్తూనే ఉంది.

వాళ్లింట్లో నా జుట్టు వెనిగర్‌తో తడిపి రెండు గంటలపాటు పాయ తరవాత పాయ దువ్వింది. ఈర్పెన జారిపడితే వంగింది. టోపీ పక్కకు జరిగింది. చెవి వెనక అక్రోటుకాయంత గడ్డ.

"ఇదేంటి నర్సమ్మా? డాక్టరుకి చూపించారా?"

"ఊళ్లో తలలన్నీ చూసేది నేను, నా తల ఎవరు చూస్తారే? నీ గుట్టు నా దగ్గర, నా గుట్టు నీ దగ్గర. సరేనా?"

"సరే" అన్నాను.

శుక్రవారం బ్యాండు వెనక నడిచాను. జనంలోంచి హెట్టీ చెయ్యి ఊపింది. నేను మాట నిలబెట్టుకున్నాను. చలి మొదలయ్యేసరికి కిటికీ దగ్గర కుర్చీలో కొత్త నర్సు కూర్చుంది. హెట్టీ ఆసుపత్రిలో నిద్రలోనే పోయిందట.

"ఆ గడ్డ ముందే ఎవరైనా చూసుంటే బతికేది పాపం" అంది మా అమ్మ, శవపేటిక వెనక నడుస్తూ. నేను బూట్ల వంక చూస్తూ నడిచాను.

రేపు నీ పిల్లలకి చెప్పవే తల్లీ. నేను నోరు మూసుకున్న సంగతి కూడా వదలకుండా చెప్పు. ఇదిగో, హెట్టీ నా పేరు రాసి కాగితంలో చుట్టి పెట్టిపోయిన ఆ ఈర్పెన. రెండు పళ్లు విరిగాయి. పక్క పంటి సందున ఆవిడ నెరిసిన వెంట్రుక ఒకటి ఇంకా ఉంది.