కోతమిల్లు ఇంజన్

ఏప్రిల్ మొదటివారంలో హాఫియా జెలెంచుక్ లారీలో ఎనిమిది సిలిండర్లకు రెండు పని మానేశాయి. మూడోది కూడా మానేసేలా ఉంది. వెర్ఖోవినా బజారు నుంచి ఇంటికొచ్చేసరికి బండి వెనకాల నీలంపొగ వాగు పొడుగునా పరుచుకుంది.

కార్పాతియన్ కొండల్లో ఆ లారీని అందరూ షిషిగా అంటారు. ఎప్పుడో సైన్యం వాడి వదిలేసిన బండి. దానికి ముందు ముక్కుండదు, డ్రైవరు ఇంచుమించు ఇంజన్ పక్కనే ఒరుసుకుని కూర్చోవాలి, గేరు మార్చాలంటే చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకోవాలి. అయినా నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి కాబట్టి, గుర్రం వెళ్ళే చోటికల్లా వెళ్తుంది. హాఫియా పదహారేళ్ళుగా దాన్ని నడుపుతోంది. మే నెలలో గొర్రెల మందలతోపాటు ఉప్పు, రాగి కాగులు, కాపరుల పాకకు కావలసిన చెక్క కొండమీది పచ్చికబయళ్ళకు ఎక్కిస్తుంది. తరవాత వేసవి అంతా జున్ను దింపుతుంది. ఆమె భర్త ఒలెక్సా ఆ బయళ్ళలో పెద్దకాపరి. నాలుగు ఊళ్ళ గొర్రెలు అతని చేతికింద ఉంటాయి. మందలు కదలడానికి ఇంక ఆరువారాలే ఉంది.

పైకి అయ్యో అనుకుంటూ తిరిగింది గానీ, నిజం చెప్పాలంటే హాఫియాకు లోపల పండగలా ఉంది. ఇన్నేళ్ళూ ఎవరో ఎంచి పెట్టిన ఇంజన్ నడిపింది. ఇప్పుడు తను ఎంచుకోవచ్చు. రాత్రి పడుకున్నా రకరకాల ఇంజన్ల మోతలే చెవుల్లో తిరుగుతున్నాయి.

ఈస్టరు నాటి భోజనాల దగ్గర ఆ సంగతి బయటికి రాగానే మరిది తనాసీ చెంచా కింద పెట్టేశాడు. సైన్యంలో రెండేళ్ళు షిషిగా తోలినవాడు కాబట్టి, ఈ విషయంలో తన తరవాతే ఎవరైనా అని అతని నమ్మకం.

"ఇందులో ఆలోచించేదేముంది వదినా? అదే ఇంజన్ పెట్టు. కొలొమియాలో ఒకడి దగ్గర పెట్టె విప్పని పెట్రోల్ ఇంజన్ ఉంది. నలభయ్యేళ్ళ గ్రీజు అలాగే ఉంది దానికి. నాలుగు బోల్టులు విప్పు, నాలుగు బిగించు, అయిపోయింది!"

"ఆ తాగుడు కూడా అలాగే ఉంటుందిగా?" అంది హాఫియా.

"తాగితే తాగింది. ఎనిమిది సిలిండర్లు కలిసి పాడుతుంటే చర్చిలో పాట విన్నట్టుంటుంది."

"పాట చర్చిలో వింటాలే. నాకు ఉప్పుబస్తాలు పైకి చేరాలి."

ఒలెక్సా నవ్వి, తన పళ్ళెంలోంచి ఒక సాసేజి ముక్క ఆమె పళ్ళెంలో వేశాడు. "బండి తోలేది నువ్వు. నువ్వు ఏది తెస్తే దాని వెనకాల నా గొర్రెలు నడుస్తాయి," అన్నాడు.

మర్నాడు కాక ఆ మర్నాడు హాఫియా, ఊళ్ళో బళ్ళు బాగుచేసే లుక్యాన్ బాబాయిని వెంటబెట్టుకుని, అతని జీపు తోలుకుంటూ కొలొమియా వెళ్ళింది. తనాసీ కూడా పిలవకుండానే ఎక్కాడు. పెట్టెలోని పెట్రోల్ ఇంజన్ చూశారు. నూనె కాగితం విప్పుతుంటే తనాసీ కళ్ళు చెమర్చాయి. హాఫియాకీ ముచ్చటేసింది. కానీ పదహారేళ్ళు కాపురం చేసినదాన్ని మళ్ళీ పెళ్ళాడబుద్ధి కాలేదు.

అదే వీధి చివర ఇంకొకాయన దగ్గర జర్మన్ బస్సులోంచి తీసిన ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉంది. మీట నొక్కగానే పిల్లి గురకలాంటి చప్పుడుతో లేచింది. దాని మూత మీద నిలబెట్టిన రూపాయంత బిళ్ళ కదలకుండా నిలబడే ఉంది. హాఫియాకు అది అక్కడికక్కడే నచ్చేసింది.

"బాబాయ్, ఇది..."

లుక్యాన్ ఇంజన్ పక్కన వేలాడుతున్న తీగల కట్టను ఎత్తి చూపించాడు. జడ అంత మందాన ఉంది.

"అమ్మాయ్, వీటిల్లో ఒక్కటి పైన తెగిందనుకో. దాని జబ్బేమిటో చెప్పడానికి కంప్యూటరు కావాలి. మీ ఆయన పాకలో కరెంటే లేదు. గొర్రెల్ని అడుగుతావా?"

హాఫియా ఆ ఇంజన్ని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వచ్చేసింది.

తిరుగు దారిలో లుక్యాన్ బండిని బిస్త్రెట్స్ వైపు తిప్పమన్నాడు. అక్కడ వాగు ఒడ్డున యావ్దోఖా అనే ముసలావిడ కోతమిల్లు ఉంది. మిల్లుకు కొత్తగా కరెంటు వచ్చిందనీ, ఇన్నాళ్ళూ రంపాన్ని తిప్పిన డీజిల్ ఇంజన్ ఆమెకిక అక్కర్లేదనీ అతను విన్నాడు.

"యేసుకు మహిమ!" అని గడపలో పలకరించారు.

"ఎప్పటికీ మహిమ!" అంది యావ్దోఖా. డెబ్బయ్యేళ్ళుంటాయి. జుట్టునిండా రంపంపొట్టు. "ఇంజన్ కోసమా? మగాళ్ళిద్దరిలో ఎవరు కొనేది?"

"నేను," అంది హాఫియా.

ముసలావిడ ఆమె చేతులకేసి చూసింది. "అయితే రా."

రేకుల పాకలో ఉన్న ఆ ఇంజన్ చూడగానే తనాసీ పకపకా నవ్వాడు. నాలుగే సిలిండర్లు. పక్కన నత్తగుల్లలా గాలి ఊదే టర్బో. ఒంటినిండా నూనె, పొట్టు కలిసి గట్టిపడిన పొర. "ఇది ట్రాక్టరుది వదినా! దీన్ని షిషిగాలో పెడితే వెనకాల నాగలి కూడా కట్టుకోవాలి."

యావ్దోఖా అతని మాట విననట్టే మీట తిప్పింది. ఇంజన్ ఒకసారి దగ్గి, నల్లగా ఒక ముద్ద పొగ వదిలి, దబదబమని అందుకుంది. మోటు గొంతే. పాక రేకులు వణికాయి. లుక్యాన్ చెవి ఒగ్గి విని తలూపాడు. హాఫియా మాత్రం కదల్లేదు.

"అవ్వా, ఊరికే తిరుగుతుంటే అన్నీ బాగానే ఉంటాయి. పెళ్ళిచూపుల్లో ఏ పెళ్ళికొడుకైనా బుద్ధిమంతుడే. దీనికి పని చెప్పు. రంపానికి పట్టీ తగిలించు."

యావ్దోఖా ముఖం వికసించింది. "ఇంతమంది వచ్చారు, ఒక్కడూ ఆ మాట అడగలేదు!"

నలుగురూ కలిసి మనిషి కౌగిలికందనంత పైన్ చెట్టు దుంగను బల్ల మీదికి దొర్లించారు. హాఫియా ఇంజన్ పక్కన నిలబడి అరచెయ్యి దాని దిమ్మ మీద ఆనించింది. రంపం దుంగను తాకింది. ఎవడో భుజం పట్టుకు ఆపినట్టు ఇంజన్ ఒక్క క్షణం ఆగి, వెంటనే గొంతు లోతుగా దించి, ఇంకాస్త వంగి తోసింది. అరిచిందీ లేదు, ఆయాసపడిందీ లేదు. దుంగ నడిమధ్యలో ముడి వచ్చింది. రంపం కీచుమంది గానీ ఇంజన్ లయ తప్పలేదు. ఆ తోపు అరచేతిలోంచి మోచేతిదాకా పాకింది హాఫియాకు. ఒళ్ళంతా పులకరించి, పెద్దగా నవ్వేసింది.

"ఇదే!" అని కేకేసింది రంపం మోత మీదుగా. "బాబాయ్, ఇదే!"

"రోడ్డు మీద అరవై దాటదు వదినా!" అని తనాసీ కూడా అరిచాడు.

"మనకు రోడ్డెక్కడుందిరా?"

ఆ తరవాత మూడు వారాలు లుక్యాన్ కొట్టం ముందు జాతరే. షిషిగా తలను, అంటే డ్రైవరు కూర్చునే గదిని, ముందుకు వాల్చి పాత ఇంజన్ను గొలుసులతో పైకి లాగారు. కొత్త ఇంజన్‌నీ పాత గేరుపెట్టెనీ కలిపే ఇనప పళ్ళెం లేకపోతే, లేతు మీద తిప్పించి తెచ్చారు. రేడియేటరు పెద్దది కావలసి వచ్చింది. ఇంజన్ ఎత్తు ఎక్కువై, సీట్ల నడుమ మూత జానెడెత్తు పెంచారు. తనాసీ రోజూ వెక్కిరించడానికని వచ్చి, రోజూ చేతులకు నూనె పూసుకుని వెళ్ళేవాడు. చివరికి గొట్టాల బిగింపు అంతా అతనే చేశాడు.

"ట్రాక్టరుకు సేవ చేస్తున్నావేంరా?" అని లుక్యాన్ అడిగితే, "వదిన నడిదారిలో ఆగిపోతే తోసేది నేనేగా!" అన్నాడు.

మే ఇరవయ్యో తేదీ తెల్లవారగానే సన్నగా వాన మొదలైంది. ఒలెక్సా మందతో ముందే కదిలాడు. హాఫియా టన్నున్నర బరువేసుకుని, పక్క సీట్లో తనాసీతో, ఎనిమిదింటికి బయల్దేరింది. అడవిలో దారి బాగానే సాగింది. పైన మేకలెక్కుడు అనే చోటుంది. అక్కడ దారి గోడలా లేస్తుంది, కింద అంతా తడిబండ, ఎర్రమన్ను. పాత ఇంజన్‌తో అయితే కింద నుంచే గుక్కపట్టి, వేగం తగ్గకుండా పైకి విసరాలి. మధ్యలో ఆగితే మళ్ళీ కదలదు. పదహారేళ్ళలో ఆమె అక్కడ ఒక్కసారీ ఆగలేదు.

సగం ఎక్కేసరికి మలుపులో గొర్రెలు, అడవి అడ్డదారిలోంచి దిగి దారి దాటుతున్నాయి. దారినిండా గొర్రెలే.

హాఫియా బ్రేకు తొక్కింది. బండి బండరాయి మీద ఒక జానెడు వెనక్కి జారి ఆగింది. గంటల గలగల, గొర్రెల అరుపులు, తడి ఉన్ని వాసన. మంద రెండుగా చీలి బండికి ముందూ వెనకా పారుతోంది. పైనుంచి ఒలెక్సా టోపీ ఊపుతూ, కుక్కల్ని అదిలిస్తూ పరుగున దిగాడు.

"ఆగిపోయావేమే ఇక్కడ!"

"నీ గొర్రెల్నే అడుగు!"

తనాసీ రెండు చేతులతో ముందున్న పిడిని పట్టుకున్నాడు. "వదినా, మెల్లగా కిందికి వదిలెయ్యి. మళ్ళీ అడుగునుంచి అందుకుందాం."

కిందికి చూస్తే అద్దంలో వాగు తెల్లగా కనబడుతోంది. అయినా హాఫియాకు వెనక్కి పోవాలనిపించలేదు. చివరి గొర్రె దాటేదాకా ఆగి, చెయ్యి వెనక్కి పోనిచ్చి అన్నిటికన్నా చిన్న గేరు వేసింది. యాక్సిలరేటరు మీద కాలు పెట్టీ పెట్టనట్టుంచి, క్లచ్ మెల్లగా వదిలింది.

ఇంజన్ గొంతు దించింది. దుంగలో ముడి తగిలినప్పటి లాగే ఒక్క రవ్వ ఆగి, వంగి, తోసింది. చక్రాలు తిరిగిపోలేదు. మనిషి నడకలో సగం వేగంతో, నాలుగు చక్రాలూ మన్నును ఒత్తుకుంటూ పట్టుకుంటూ, షిషిగా పైకి నడిచింది. వెనకాల రాగి కాగులు ఒకదానికొకటి తగిలి మోగాయి. పక్కన ఒలెక్సా, చేతికర్ర భుజాన వేసుకుని, బండి తలుపు పట్టుకుని దానితో సమంగా నడుస్తూ వచ్చాడు. "ఏమే, ఇది పాకుతోందే!" అని పసిపిల్లాడిలా అరుస్తున్నాడు. తనాసీ పిడి వదిలేసి, కిటికీలోంచి వంగి చక్రాలకేసి చూస్తున్నాడు.

పైకి చేరగానే పచ్చికబయలు ఒక్కసారిగా కళ్ళముందు విచ్చుకుంది. హాఫియా బండి ఆపి దిగింది. మొహం వెలిగిపోతోంది. కాపరులు చుట్టూ మూగారు. బండి తల ముందుకు వాల్చి ఇంజన్ చూపించేదాకా వదల్లేదు. పాకలో నిప్పు రాజేసి, మీగడలో మొక్కజొన్నపిండి ఉడికించి, పైన ఉప్పుజున్ను చిదిమి పళ్ళెం ముందు ఆమెకే ఇచ్చారు.

తనాసీ పళ్ళెం పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. సగం తిని ఆమె వైపు తిరిగాడు.

"వదినా, మిగతా ఉప్పు కోసం రేపు మళ్ళీ కిందికి వెళ్ళాలిగా?"

"వెళ్ళాలి."

"నీకు అలసటగా ఉంటే, ఎక్కేటప్పుడు నేను తోలతాను."

"నాకేం అలసట లేదు."

"కొంచెమైనా?"

హాఫియా పళ్ళెం తుడిచి పక్కన పెట్టింది. "దిగేటప్పుడు తోలు. ఎక్కేది నేనే," అంది.